కంపకు మార్చి 31 తెలియదు

*పులికాట్ అంచుల్లో పాకిన ముళ్ల తుమ్మ, నీటి అడుగున చేరిన పరాయి ఆల్చిప్ప, పొలం గట్లలోని ఎలుక. వీటిని అదుపులో పెట్టాలంటే నిధులు కావాలి. ఆ నిధులను తెచ్చి, ఖజానా లెక్కను ప్రకృతి లెక్కతో కుదిర్చే ఉద్యోగి గ్రాంట్ మేనేజర్. బయటికి పెద్దగా కనిపించని ఆ పని గురించే ఈ వారం ముఖచిత్ర కథనం.*

1876. రాయలసీమను ధాత కరువు పీల్చి పిప్పి చేస్తున్న రోజులు. మద్రాసు రాజధాని ఉత్తర మండలానికి అటవీ సంరక్షణాధికారిగా ఉన్న లెఫ్టినెంట్ కల్నల్ ఆర్.హెచ్. బెడ్డోమ్ రెవెన్యూ శాఖకు ఒక వినతి పెట్టారు. మెట్ట ప్రాంతాల్లో ఎండకు తట్టుకుని బతికే చెట్టు విత్తనాలు తెప్పించాలన్నది దాని సారాంశం. మరుసటి ఏడాదికే జమైకా నుంచి విత్తనాలు దిగాయి. 1877లో వాటిని కడప జిల్లా కమలాపురంలో నాటారు.

ఆ చెట్టు శాస్త్రీయ నామం ప్రోసోపిస్ జూలిఫ్లోరా. మన ఊళ్లలో సర్కారు తుమ్మ, సీమ తుమ్మ, లేదంటే ఒక్కమాటలో కంప. తెప్పించినవాళ్ల ఉద్దేశం మంచిదే. మంజూరూ పద్ధతి ప్రకారమే జరిగింది. పేదల పొయ్యిలోకి వంటచెరకూ వచ్చింది. కానీ నాటిన చెట్టు ఆ తర్వాత ఎటు పాకుతుందో కనిపెట్టి ఉండే పని మాత్రం ఎవరి పద్దులోనూ లేదు. ఇప్పుడు చెరువు గర్భాల్లో, వాగు ఒడ్డుల్లో, రోడ్ల పక్కన, బీడు పడిన పొలాల్లో ఎక్కడ చూసినా ఆ కంపే.

చెట్టును తెచ్చింది సర్కారు సొమ్ము. తీయడానికి అయ్యేదీ సర్కారు సొమ్మే, లేదా దాతల సొమ్ము. తెచ్చినప్పుడు జరిగిన పొరపాటు తీసేటప్పుడు జరగకుండా చూడటం ఒక వృత్తిగా రూపుదిద్దుకుంది. పర్యావరణ చీడ నిర్వహణలో గ్రాంట్ మేనేజర్ ఉద్యోగం అంటే అదే. పులికాట్ లాంటి చోట ఈ పని సరిగా సాగితే సరస్సు గట్టెక్కుతుంది. సాగకపోతే కోట్లు ఖర్చయినా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

ఉప్పునీటి ఒడ్డున మూడు సమస్యలు

ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. పాత పేరు ప్రళయ కావేరి. ఎక్కువ భాగం మన ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, దక్షిణపు కొస తమిళనాడుది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం మండలాలు నెల్లూరు నుంచి ఇటు వచ్చాయి. వాటితోపాటే ఈ నీళ్లూ తిరుపతి జిల్లావయ్యాయి. సముద్రానికీ సరస్సుకూ నడుమ శ్రీహరికోట దీవి. కాళంగి, ఆరణి నదులు మంచినీళ్లు తెస్తాయి. ముఖద్వారాల గుండా పోటు వేళ సముద్రపు నీళ్లు వస్తాయి. ఆ రెండూ కలిసిన నీళ్లలోనే రొయ్యలు, పీతలు, చేపలు పెరుగుతాయి. వాటి మీద వేల జాలరి కుటుంబాలు బతుకుతాయి. ఆ నీళ్లలోని చిన్న జీవుల కోసమే ఫ్లెమింగోలు వస్తాయి. ఆంధ్ర వైపు భాగాన్ని 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. పక్కనే సుమారు 459 హెక్టార్ల నేలపట్టు. అక్కడి చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లల్ని చేస్తాయి.

ఇంత విలువైన చోట చీడ అన్న మాటకు మూడు ముఖాలున్నాయి.

మొదటిది కంప. రాయదొరువు లాంటి ముఖద్వారాలు ఇసుక మేట వేసి పూడుకుపోతున్నకొద్దీ సరస్సు ఉత్తర భాగంలో నీళ్లు నిలిచే కాలం తగ్గుతోంది. నీళ్లు తప్పుకున్న అంచుల్లోకి కంప దిగుతుంది. చవుడు నేలైనా దానికి లెక్కలేదు. మేకలూ పశువులూ తియ్యటి కాయల్ని ఇష్టంగా తింటాయి. గట్టి పెంకున్న గింజలు అరగకుండా పేడతోనో పెంటికలతోనో కొత్త చోట పడతాయి. బురద నేలల్లో మేత ఏరుకునే పక్షులకు నాలుగు దిక్కులా తెరిపి కావాలి, శత్రువు దూరం నుంచే కంటపడాలి. ముళ్ల పొద పెరిగిన చోట అవి వాలవు. పచ్చిక పోయిన చోట పశువుకు మేతా ఉండదు.

రెండోది కంటికి కనిపించదు. మధ్య, దక్షిణ అమెరికా తీరాలకు చెందిన మైటెల్లా స్ట్రైగేటా అనే ఆల్చిప్ప. మన దేశంలో దీన్ని తొలిసారి కొచ్చి ఉప్పుటేరుల్లో గుర్తించినట్టు 2019లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఓడలు బరువు సమతూకానికి నింపుకునే నీళ్లతో ఇలాంటి జీవులు రేవు నుంచి రేవుకు చేరతాయి. తర్వాత చెన్నైకి ఉత్తరాన ఎన్నూరు–పులికాట్ నీళ్లలోనూ ఇది గుత్తులు గుత్తులుగా అడుగును కప్పేయడం మొదలైంది. అక్కడి తమిళ జాలర్లు కాకా ఆళి అంటారు. అడుగు మట్టిని ఇది ఆక్రమిస్తే అదే మట్టిలో బతికే మన మట్టగుల్లలకు, రొయ్యకు చోటుండదు. చేత్తో తడిమి రొయ్యలు పట్టే ఆడవాళ్ల వేళ్లు ఈ చిప్పల అంచులకు కోసుకుపోతాయి. ఈ వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. రాష్ట్రాల సరిహద్దు ఆల్చిప్పకు అడ్డం కాదు కాబట్టి ఇది తడ, సూళ్లూరుపేట జాలర్ల సమస్య కూడా.

మూడోది బయటి నుంచి వచ్చింది కాదు. వరి పొలాల్లోని ఎలుక, పందికొక్కు. ఇక్కడ భయం ఎలుకతో కంటే ఎలుకకు పెట్టే మందుతో ఎక్కువ. జింక్ ఫాస్ఫైడ్, బ్రోమాడియోలోన్ లాంటివి పద్ధతి తప్పి వాడితే చచ్చిన ఎలుకను తిన్న గద్దకు, గుడ్లగూబకు కూడా ముప్పే. పొలంలో ఎలుకల్ని ఉచితంగా అదుపు చేసే వేటపక్షులే పోతే మరుసటి పంటకు ఎలుకలు రెట్టింపవుతాయి.

గ్రాంట్ మేనేజర్ చేసేదేమిటి?

ఈ మూడింటినీ ఎదుర్కొనే శాస్త్రవేత్తలు ఉన్నారు. అటవీ సిబ్బంది ఉన్నారు. స్వచ్ఛంద సంస్థలున్నాయి. డబ్బిచ్చే ప్రభుత్వాలు, కంపెనీలు, అంతర్జాతీయ నిధులు ఉన్నాయి. ఒకరి భాష ఒకరికి అర్థం కాదు. గింజ ఎన్నేళ్లు మొలకెత్తగలదో చెప్పడం శాస్త్రవేత్త పని. ఏ పద్దు కింద ఎంత, ఎప్పటిలోగా అన్నది ఆర్థిక శాఖ ప్రశ్న. మా దొడ్డి మేకలు ఎక్కడ మేయాలన్నది ఊరివాళ్ల ప్రశ్న. ఈ ముగ్గురి మాటల్నీ ఒకే కాగితం మీదికి తెచ్చేది గ్రాంట్ మేనేజర్.

పని ప్రతిపాదనతో మొదలవుతుంది. ముందు సమస్య ఎంత మేర ఉందో కొలవాలి. ఉపగ్రహ చిత్రాల్లో కంప కమ్మిన విస్తీర్ణం, నేల మీద నడిచి తీసిన హద్దులు, ఆ అంచుల్లో పక్షుల లెక్క, ఊళ్లలో దాని మీద బతికే కుటుంబాల లెక్క. ఇవి లేకుండా రేపు ఫలితం వచ్చిందో లేదో చెప్పే దారి లేదు. తర్వాత బడ్జెట్. కూలి, యంత్రం, నర్సరీ, శిక్షణ, పర్యవేక్షణ, ఆడిట్ ఒక్కోదానికి ఒక్కో గడి. ఆపైన అనుమతులు. రక్షిత కేంద్రం లోపల ఆవాసాన్ని మార్చే ఏ పనికైనా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ కింద అనుమతి తప్పనిసరి. పనికిరాని కంపే కదా అని జేసీబీ దించితే కేసవుతుంది.

మంజూరైనా డబ్బంతా ఒకేసారి రాదు, విడతలుగా వస్తుంది. మొదటి విడతకు వినియోగ ధ్రువపత్రం, ఆఫీసుల్లో అందరూ యూసీ అనేది, సమర్పిస్తేనే రెండో విడత. కేంద్రం 2017లో తెచ్చిన సాధారణ ఆర్థిక నిబంధనల ప్రకారం ఆర్థిక సంవత్సరం ముగిశాక పన్నెండు నెలల్లోగా యూసీ ఇవ్వాలి. పాత మిగులు ఎంత, కొత్తగా వచ్చింది ఎంత, బ్యాంకు వడ్డీ ఎంత, ఖర్చు ఎంత, ఇచ్చిన పనికే ఖర్చు పెట్టారా అన్నవి అందులో ఉండాలి. భౌతిక పురోగతి అన్నచోట ఇన్ని హెక్టార్లలో కంప తొలగించాం అని రాస్తే లెక్క సరిపోతుంది.

లెక్క సరిపోవచ్చు. నేల మీద సంగతి వేరు.

మోడు చెప్పే నిజం

కొట్టేసిన సర్కారు తుమ్మ మోడు దగ్గర కూర్చుని చూస్తే ఈ ఉద్యోగంలోని అసలు చిక్కు తెలుస్తుంది. గొడ్డలితో నేలకు సమంగా నరికిన చెట్టు చచ్చినట్టే ఉంటుంది. కానీ దాని మొగ్గలు నేల పైన ఉండవు. మట్టి కింద, వేరూ కాండమూ కలిసే మెడ దగ్గర నిద్రపోతూ ఉంటాయి. ఒక్క వాన పడితే చాలు, ఒక్క కాండం ఉన్న చోట అయిదారు చిగుళ్లు లేస్తాయి. ఏడాది తిరిగేసరికి చెట్టు కాస్తా పొదవుతుంది, మనిషి దూరలేని పొద. కొట్టకముందు కంటే కొట్టిన తర్వాత దట్టంగా పెరగడం అందుకే. ఆ మెడను జానెడు లోతున తవ్వి వేరుతో సహా పెకలించాలి. పెకలించినా మట్టిలో పడి ఉన్న గింజలు ఏటా కొన్ని మొలుస్తూనే ఉంటాయి. లేత మొక్కగా ఉన్నప్పుడు, నేల తడిగా ఉన్నప్పుడు చేత్తో పీకితే వచ్చేస్తుంది. రెండేళ్లు ఊరుకుంటే మళ్లీ గొడ్డలి, మళ్లీ జేసీబీ, మళ్లీ టెండరు.

అంటే మొదటి ఏడాది చేసే పని పెద్దది, ఖర్చూ పెద్దది. తర్వాతి నాలుగైదేళ్లు చేయాల్సింది చిన్న పని, కొద్ది ఖర్చు. ఆ కొద్ది ఖర్చు లేకపోతే మొదటి ఏడాది పెద్ద ఖర్చంతా మట్టిపాలు. ఏడాది గడువున్న పథకంతో ఈ చెట్టును తీయబూనడం సగం వైద్యమే.

రెండు కాలెండర్ల మధ్య

పులికాట్ దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. ఇక్కడ వానలు ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ నీళ్ల వెంటే పక్షులు వస్తాయి. నేలపట్టులో గూళ్లు, గుడ్లు, పిల్లలు, ఎగరడం నేర్చుకోవడం, ఇదంతా వేసవి మొదలయ్యేదాకా సాగుతుంది. ఆ నెలల్లో గూళ్ల చుట్టుపక్కల యంత్రం మోత వినిపించకూడదు. బరువైన పని చేయాల్సిన కాలం వేసవి. సరస్సు అంచులు ఎండి ఉంటాయి, పక్షులు వెళ్లిపోయి ఉంటాయి. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధంతో తీరప్రాంతంలో చేతులు ఖాళీగా ఉండే రోజులూ అవే.

ప్రభుత్వ డబ్బుకు మాత్రం వేరే రుతువు ఉంది. ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది. కార్యాచరణ ప్రణాళిక పంపడం, ఆమోదం, కేంద్ర వాటా, రాష్ట్ర వాటా, ఖాతాలోకి జమ, ఇవన్నీ గడిచేసరికి చాలాసార్లు వానాకాలం వచ్చేస్తుంది. మార్చి 31లోగా ఖర్చు చూపాలి. పని చేయదగిన వేసవిలో చేతిలో డబ్బుండదు. చేతిలో డబ్బున్న శీతాకాలంలో పని చేయకూడదు. ఈ రెండు కాలెండర్ల నడుమ నలిగేది గ్రాంట్ మేనేజర్. ఒత్తిడికి లొంగి జనవరిలో జేసీబీ దించితే గూళ్లకు నష్టం. లొంగకపోతే డబ్బు వెనక్కి పోతుంది, పై ఏడాది కేటాయింపు తగ్గుతుంది.

చేయి తిరిగిన మేనేజర్లు ఇక్కడే తమ పనితనం చూపిస్తారు. పనిని ముక్కలు చేస్తారు. సర్వే, శిక్షణ, నర్సరీ, పనిముట్ల కొనుగోలు లాంటివి వానాకాలం, శీతాకాలంలో పెడతారు. గూళ్లకు దూరంగా ఉన్న చెరువు కట్టల మీద లేత మొక్కలు పీకే పని వానలు వెలిసిన వెంటనే చేయిస్తారు. పెకలించే పనిని వేసవికి ఉంచి, దానికి రెండో మూలం నుంచి డబ్బు ముందే సిద్ధం చేసుకుంటారు. ఒకే పనికి రెండు చోట్ల బిల్లు పెట్టే తప్పు జరగకుండా, ఏ హెక్టారు ఏ నిధిదో పటం మీద గీత గీసి ఉంచుతారు. ఆడిటర్ అడిగినప్పుడు ఆ పటమే సమాధానం. ఈ నేర్పు ఏ నిబంధనల పుస్తకంలోనూ దొరకదు. చీడను, చట్టాన్ని, ఖాతాను మూడింటినీ కలిపి చదివినవాళ్లకే వస్తుంది.

కూలి గడిలో నిపుణుడు

పులికాట్ చుట్టూ చీడల గురించి అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్లు యానాదులు. శ్రీహరికోట అడవి వాళ్లది. రాకెట్ కేంద్రం వచ్చాక చాలా కుటుంబాలు ఆ దీవిని విడిచి బయటి పల్లెలకు చేరాయి. పొలం గట్టు మీద నడుస్తూ ఏ బొక్కలో ఎలుక ఉందో, ఏది ఖాళీయో, రెండో దారి ఎటు ఉందో చెప్పగలరు. పట్టిన ఎలుక, అది బొక్కలో దాచిన ధాన్యం వాళ్ల కష్టానికి ఫలం. విషం లేని ఎలుకల నివారణ ఇంతకంటే ఏముంటుంది?

సరిహద్దుకు అటువైపు తమిళనాడులో ఇరుళర్లది ఇదే విద్య. వాళ్ల పాత పద్ధతిని దగ్గర్నుంచి చూడాలి. అడుగున చిల్లు పెట్టిన మట్టి కుండలో గడ్డి కూరి నిప్పంటిస్తారు. మూతిని ఎలుక బొక్కకు ఆనించి, అడుగు చిల్లులోంచి నోటితో గాలి ఊదుతారు. పొగ లోపలికి పోతుంది, ఉక్కిరిబిక్కిరైన ఎలుక దొరుకుతుంది. ఊదే మనిషి పెదాలు, చేతులు కాలతాయి. ఏళ్ల తరబడి మింగిన పొగ ఊపిరితిత్తులకు చేటు చేస్తుంది. చెన్నైకి చెందిన సేతు సేతునారాయణన్ నడిపిన స్వచ్ఛంద సంస్థ ఈ కుండకు బదులు చేత్తో పిడి తిప్పితే పొగను లోపలికి నెట్టే ఉక్కు పరికరాన్ని రూపొందించింది. 2003లో ప్రపంచ బ్యాంకు డెవలప్‌మెంట్ మార్కెట్‌ప్లేస్ పోటీలో దానికి లక్ష డాలర్లకు కొంచెం తక్కువ గ్రాంటు వచ్చింది. ఆ డబ్బుతో పరికరాలు తయారుచేసే చిన్న కర్మాగారం పెట్టి ఇరుళర్ మహిళలకు పని ఇచ్చారు. వెయ్యికి పైగా కుటుంబాలకు పరికరం అందింది. పట్టే ఎలుకలు పెరిగాయి, రాబడి పెరిగింది, పెదాలు కాలడం ఆగింది. పర్యావరణ చీడ నిర్వహణలో గ్రాంటు ఎలా ఉండాలో చెప్పడానికి పులికాట్‌కు ఇంత దగ్గర్లో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఉన్న విద్యను కాదనలేదు. విషం కొనిపెట్టలేదు. ఆ విద్యలో మనిషికి నొప్పి కలిగించే ఒక్క భాగాన్ని మార్చింది.

ఇంకో సంగతి. అమెరికాలోని ఫ్లోరిడాలో పెంపుడు జంతువుల వ్యాపారం ద్వారా చేరిన బర్మా కొండచిలువలు అక్కడి చిత్తడి నేలల్లో జంతువుల్ని మింగేస్తున్నాయి. 2017లో ఆ రాష్ట్ర వన్యప్రాణి సంస్థ 68,888 డాలర్లు కేటాయించి ఇద్దరు ఇరుళర్ పాముల నిపుణుల్ని, అనువాదకుల్ని పిలిపించింది. మాసి సడయన్, వడివేల్ గోపాల్ అక్కడి గడ్డిలో జాడలు చదివి కొండచిలువల్ని పట్టి చూపించారు. 2023లో భారత ప్రభుత్వం ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చింది.

సముద్రాలు దాటి పిలిపించుకున్నవాళ్లు ఆ విద్యను నిపుణత కింద లెక్కగట్టారు. మన బడ్జెట్లలో యానాది పేరు సాధారణంగా కూలి గడిలోనే పడుతుంది. గ్రాంట్ మేనేజర్ మనసు పెడితే ఆ గడి మారుతుంది. చొరబాటు జాతుల గుర్తింపు, కంప మళ్లీ మొలిచిన చోట్ల నెలవారీ నిఘా, ఎలుకల బొక్కల సర్వే లాంటి పనులకు సాంకేతిక సేవల కింద రోజువారీ గౌరవ వేతనం రాయవచ్చు. నిబంధనలు అడ్డు చెప్పవు, రాసేవాళ్ల చూపు మారాలి.

కంప విషయంలో ఇది మరీ ముఖ్యం. పేద కుటుంబాలు ఎన్నో ఇప్పుడు ఆ కంప మీదే బతుకుతున్నాయి. వంటచెరకు అదే, బొగ్గు బట్టీల్లో పని అదే. కంపంతా తీసేస్తే మేం పొయ్యిలో ఏం పెట్టుకోవాలి సారూ అని అడిగేవాళ్లకు ప్రతిపాదనలోనే జవాబు ఉండాలి. తీసిన కట్టె, బొగ్గు మీద మొదటి హక్కు ఎవరిది, ఆ రాబడి అయిపోయాక రెండో ఏడాది నుంచి ఏ పని అన్నది ముందే రాయాలి. కొంగలు కొన్ని ఆ ముళ్ల చెట్ల మీద కూడా గూళ్లు కడతాయి. కాబట్టి ఏ చెట్టు ఉంచాలి, దాని స్థానంలో కడప, మడ మొక్కలు ఎదిగాక ఎప్పుడు తీయాలి అన్నదీ రాయాలి.

కోర్టుకెక్కిన మేక

మంచి ఉద్దేశంతో వచ్చిన నిధి చీడను తెచ్చిపెట్టడం మన ఒక్కరి అనుభవమే కాదు. కెన్యాలోని బరింగో ప్రాంతంలో 1980లలో ఎడారీకరణను ఆపడానికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో సాగిన వంటచెరకు పథకంలో ఇదే ప్రోసోపిస్‌ను నాటారు. పాతికేళ్లు తిరిగేసరికి అది పచ్చిక బయళ్లను కమ్మేసింది. తియ్యటి కాయలు నమిలి నమిలి మేకల పళ్లు ఊడిపోయాయి. 2006లో ఇల్చామస్ తెగ ప్రజలు ప్రభుత్వం మీద కేసు వేసి, పళ్లు లేని మేకను సాక్ష్యంగా కోర్టుకు తీసుకెళ్లారు. కమలాపురం, బరింగో చెప్పేది ఒక్కటే. జీవిని కదిలించే ఏ నిధికైనా వెనక పదేళ్ల కాపలా ఉండాలి.

జీవవైవిధ్యంపై ప్రభుత్వాల ఉమ్మడి వేదిక ఐపీబీఈఎస్ 2023లో వెలువరించిన అంచనా ప్రకారం మనుషుల వల్ల కొత్త చోట్లకు చేరిన జాతులు 37,000కు పైనే. వాటిలో 3,500కు పైగా హాని చేస్తున్నవి. 2019లో ఆ నష్టం ఏడాదికి 42,300 కోట్ల డాలర్లు దాటింది. 2022లో మాంట్రియల్‌లో కుదిరిన జీవవైవిధ్య ఒప్పందంలో ఇలాంటి జాతుల కొత్త రాకను 2030 నాటికి సగానికి తగ్గించాలని దేశాలు ఒప్పుకున్నాయి. సంతకాలు పెద్ద నగరాల్లో జరుగుతాయి. వాటి అమలు తడ, సూళ్లూరుపేట లాంటి చోట్ల ఎవరో ఒకరి బడ్జెట్ పట్టికలోకి దిగాలి.

డబ్బు ఎక్కడుంది?

దారులు లేకపోలేదు. చిత్తడి నేలలకు, సరస్సులకు కేంద్రం నడిపే జాతీయ జలావరణ పరిరక్షణ ప్రణాళికలో మన రాష్ట్రానికి 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం వాటా. అటవీ భూమి మళ్లించినందుకు కట్టించుకునే సొమ్ము 2016 చట్టం తర్వాత కంపా నిధిగా 90 శాతం రాష్ట్రాలకే వస్తోంది. ఊరి చెరువుల్లో కంప తొలగింపు ఉపాధి పనుల్లో ఎప్పటినుంచో ఉంది. ప్రపంచ పర్యావరణ నిధి 1992 నుంచి నడుపుతున్న చిన్న గ్రాంట్ల పథకం ఊరి సంఘాల స్థాయి పనులకోసమే పుట్టింది.

సరస్సుకు కూతవేటు దూరంలో శ్రీసిటీ పరిశ్రమలున్నాయి. కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీల సగటు లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యతకు పోవాలి. 2021లో సవరించిన నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది. కొనసాగే ప్రాజెక్టు అని ముందే ప్రకటిస్తే మొదలుపెట్టిన ఏడాది కాకుండా ఇంకో మూడేళ్లు డబ్బును ప్రత్యేక ఖాతాలో ఉంచి వాడుకోవచ్చు. అంటే మొత్తం నాలుగేళ్లదాకా. మోడు చిగుళ్లకు, మట్టిలోని గింజలకు సరిపడే గడువు ఇదే. ప్రభుత్వ నిధితో పెకలించి, కంపెనీ నిధితో కాపలా కాస్తే రెండు కాలెండర్లూ కలుస్తాయి.

విదేశీ విరాళాలకు చిక్కులు పెరిగాయి. 2020లో ఎఫ్‌సీఆర్ఏ సవరణ తర్వాత పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ సొమ్మును ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. పెద్ద సంస్థ తెచ్చి ఊరి సంఘానికి పంచే పాత పద్ధతికి తెర పడింది. చిన్న సంఘాలు నేరుగా దరఖాస్తు రాసి, ఖాతా నడిపి, ఆడిట్‌కు నిలబడాలి. అందుకు తర్ఫీదు ఇవ్వడం కూడా ఇప్పుడు గ్రాంట్ మేనేజర్ పనిలో భాగమైంది.

ఈ కొలువులోకి రావాలంటే

డిగ్రీ ఒక్కటే దారి కాదు, కానీ పునాది కావాలి. తిరుపతిలో 1961 నుంచి ఉన్న ఎస్వీ వ్యవసాయ కళాశాలలో కీటకశాస్త్రం చదివినవాళ్లకు, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జంతు, వృక్ష శాస్త్రాలు చదివినవాళ్లకు చీడ జీవితచక్రం తెలుసు. వాళ్లు నేర్చుకోవాల్సింది ఖాతా, కొనుగోలు నిబంధనలు, ప్రతిపాదన రాయడం. కామర్స్ చదివినవాళ్లకు ఖాతా తెలుసు, వాళ్లు నేర్చుకోవాల్సింది పొలం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ ఎలుకల నివారణతో సహా చీడ నిర్వహణలో శిక్షణ ఇస్తోంది. అటవీ నిర్వహణకు భోపాల్‌లోని ఐఐఎఫ్ఎం, గ్రామీణ నిర్వహణకు ఆణంద్‌లోని ఇర్మా ఉన్నాయి.

వీటన్నిటితోపాటు మూడు అలవాట్లు కావాలి. వేసవిలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి అదే హెక్టారులో నడిచి చూడటం. ఫలితం రాకపోతే నివేదికలో రాలేదని రాయగల ధైర్యం. ఊళ్లో వాళ్ల మాటను వాళ్ల భాషలోనే దాత దగ్గరికి చేర్చగల ఓపిక. రెండోది అన్నిటికంటే కష్టం. కంప మళ్లీ మొలిచిందని రాస్తే వచ్చే విడత ఆగుతుందేమోనని భయం. రాయకపోతే దాతకు నిజం తెలియదు, తర్వాతి బడ్జెట్‌లో కాపలాకు పైసా ఉండదు.

ముందు రాయాల్సింది చివరి ఏడాది

రాష్ట్రంలో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న రామ్‌సర్ చిత్తడి నేలగా 2002 నుంచి కొల్లేరు పేరుంది. పులికాట్ ఇంకా ఆ జాబితాలోకి ఎక్కలేదు. ఎక్కాలని కోరేవాళ్లు చాలామంది. ఫ్లెమింగో పండుగకు జనం పోటెత్తుతారు. ఆ అభిమానమంతా నిధులుగా మారే రోజు వస్తుంది, రావాలి. అప్పుడు తొలి ఫొటో జేసీబీదే అవుతుంది. కంప కుప్పల పక్కన నిలబడి అందరూ చప్పట్లు కొడతారు.

ఈ సరస్సు మీద ప్రేమ ఉన్న ప్రతి అధికారినీ, ప్రతి దాతనూ కోరేది ఒక్కటే. పులికాట్‌కు వచ్చే ప్రతి ప్రతిపాదనలో అయిదో ఏడాది పేజీని ముందు చదవండి. ఆ ఏడాది లేత మొక్కలు పీకడానికి ఎవరు నడుస్తారో, వాళ్లకు ఎంత ఇస్తారో, ఆ డబ్బు ఏ ఖాతాలో ఉందో, పని ఏ నెలలో జరుగుతుందో ఆ పేజీలో ఉండాలి. నీటి అడుగున ఆల్చిప్ప పెరుగుదలను ఏటా కొలిచే జాలరి సంఘానికి వాటా ఉండాలి. ఎలుకల సర్వే చేసే యానాది కుటుంబానికి నిపుణుడి వేతనం ఉండాలి. ఇవి ఉంటే మొదటి ఏడాదికి అడిగినంత ఇవ్వండి. లేకపోతే ప్రతిపాదనను తిప్పి పంపి, ఆ పేజీ రాయించి తెప్పించుకోండి. 1877లో ఆ పేజీ ఎవరూ అడగలేదు. దాని ఖరీదును దాదాపు నూట యాభై ఏళ్లుగా చెరువులూ, మేకలూ, పేదలూ కడుతున్నారు. ఈసారి మంజూరు సంతకానికి ముందే అడుగుదాం.